పప్పు ఉడికిన ఊరు

మా చిన్నప్పుడు... ఒకసారి ఊరు మారాల్సొస్తే ముందు అమ్మ కందిపప్పు మూట కట్టుకుంది!

నాన్న బడిపంతులు. బదిలీకి మూడు ఊళ్లలో ఖాళీలున్నాయి... పిడుగురాళ్ల, చీమకుర్తి, చీరాల. ఒకటి ఎంచుకోవాలి. నాన్న బస్సులు, ఇంటద్దెలు, చర్చి ఎంత దూరమో అన్నీ వాకబు చేశాడు. అమ్మకి అవేం పట్టలేదు. మేమున్న పల్లెలో బోరు నీళ్లన్నీ ఉప్పే. రోజూ మిరప చేల గట్ల మీదుగా వెళ్లి, బావి నుంచి బిందెలు మోసీ మోసీ అమ్మ నడుం పడిపోయింది. "ఈసారి నీళ్లు చూశాకే ఊరు" అని ఒకటే పట్టు పట్టింది.

నీళ్ల సంగతి తేల్చేది పప్పే కదా మనకి... ఉప్పునీళ్లలో ఎంత మంట పెట్టినా కందిపప్పు పలుకు పలుకుగానే ఉంటుంది.

సెలవుల్లో అందరం బయల్దేరాం. ముక్కూ మొహం తెలియని ఇంటి ముందు నిలబడి, "అమ్మాయ్, మీ పొయ్యి కాసేపు ఇస్తావా? పప్పు ఉడకేసుకుని పోతా" అని అడిగేది అమ్మ. నేనూ చెల్లీ సిగ్గుతో చచ్చిపోయేవాళ్లం! పిడుగురాళ్లలో ఒకావిడ పాపం, ఆకలితో ఉన్నామనుకుని నలుగురికీ అన్నం పెట్టేసింది. సుబ్బరంగా తిన్నాం... పప్పు మాత్రం ఉడకలేదు.

చీమకుర్తిలో నాన్న స్నేహితుడి ఇల్లు. అక్కడ పప్పు ఇట్టే మెత్తబడింది. నాన్న మొహం వెలిగిపోయింది. అమ్మ కాస్త నాలుక మీద వేసుకుని...

"వంటసోడా ఎవరేశారండీ?" అంది.

నాన్న గోడ మీద క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. "నాకేం తెలీదు చెల్లెమ్మా... వీడే వెయ్యమన్నాడు" అనేశాడు స్నేహితుడు! ఇద్దరూ ఒకే బడిలో పని చేయాలని వాళ్ల ఆశ. బస్సెక్కేదాకా అమ్మ నవ్వుతూనే ఉంది.

ఇక మిగిలింది చీరాల. "సముద్రం పక్కన మంచినీళ్లా? నీ పిచ్చిగానీ" అన్నాడు నాన్న. అక్కడ ఒక నేతపని ఆవిడ మగ్గం దిగొచ్చి మరీ పొయ్యి వెలిగించి ఇచ్చింది. "ఊరికి పెళ్లిచూపులా తల్లీ!" అని ఒకటే నవ్వు. ఇసకలో తవ్విన చిన్న బావి వాళ్లది. పప్పు పడేసి అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది.

"నీళ్లని ద్రాక్షారసం చేసినాయనకి పప్పొక లెక్కా..." అని గొణిగాడు నాన్న.

మూత తీస్తే... గరిటె తగలగానే పప్పు మెదిగిపోయింది! నేనూ చెల్లీ ఒకటే గెంతులు. ఇంటావిడ పండుమిర్చి పచ్చడి, నెయ్యి తెచ్చింది. అక్కడే చతికిలబడి తినేశాం.

చీరాలకి కాపురం మార్చిన మర్నాడు... పెరట్లోనే బావి. బడి గంట కొట్టకముందే నీళ్లూ వంటా అయిపోయాయి. అమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని ఊరికే కూర్చుంది. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అని కంగారుగా అడిగాను.

"బాగుందే... చాలా బాగుంది" అంది.

ఈమధ్య మేమూ ఊరు మారాం. ఫోన్‌లో ఫోటోలూ, ఎవరెవరో ఇచ్చిన రేటింగు చుక్కలూ చూసి ఒక్క పూటలో తేల్చేశాం. మావారు, పిల్లలు ఎవరికేం కావాలో వాళ్లు చెప్పారు. నన్నెవరూ అడగలేదు... నేనూ నోరు తెరవలేదు. చదువుకుని, ఉద్యోగం చేస్తున్న దాన్ని!

మరి మీ ఇంట్లో... ఊరు ఎంచింది ఎవరండీ?