రెండు గంటలకు మారే లోహం

కర్నూలులో పరిశోధన చేసే రోజుల్లో నా చదువంతా గోటికంటే చిన్న లోహపు పలుకు మీద ఆధారపడి ఉండేది. మామూలు లోహం కాదు. చల్లబరుస్తూ పోతే ఒకచోట దానిలోని ఎలక్ట్రాన్లు ఉన్నట్టుండి తీరు మార్చుకుంటాయని మా అనుమానం. దాన్ని పట్టుకోవాలంటే ఒక లేజర్ మెరుపుతో కొట్టి, సెకనులో లక్షకోట్లవ వంతు గడిచేలోపే ఇంకో మెరుపుతో ఎలా ఉందో చూడాలి. మా ఊళ్లో అడిగినవాళ్లకు 'లైటు పని' అని చెప్పేదాన్ని.

మార్పు దొరికింది. రోజూ పొద్దున మొదలుపెడితే, సరిగ్గా ఒకే చలి దగ్గర కంప్యూటర్‌లో గీత దభీమని పడేది. మూడు నెలలు అలాగే పడింది. మా గైడు సారు ఆ ఫలితాన్ని ఒక సదస్సుకు పంపారు, వాళ్లూ ఒప్పుకున్నారు. ఆ గీత నిలబడితే నాకు డాక్టరేటు, లేకపోతే మళ్లీ మొదటికి.

ఒకరోజు పొద్దున కరెంటు పోయి, పదకొండుకు గానీ పని మొదలుకాలేదు. గీత వేరే చలి దగ్గర పడింది. గడియారం చూశాను. రెండు. పాత నోటుపుస్తకాలు తిరగేశాను. అన్ని రోజులూ రెండే. నా లోహం టైము చూసుకుని మారుతోంది! కొంప మునిగిందనుకున్నాను.

సారు వచ్చి, లేజరును చల్లగా ఉంచే నీళ్ల పెట్టె విప్పారు. అడుగున జల్లెడ నిండా పాచి. నీళ్లు సరిగ్గా తిరగక, ఎండ ముదిరేసరికి లేజరు వేడెక్కి, దాని వెలుగు పలుకు మీంచి పక్కకు జరుగుతోంది.

"నీళ్లు ఎప్పుడు మార్చినావమ్మా?"

"మార్చలే సార్."

"నెలనెలా మార్చాలని పుస్తకంలో ఉండాది కదా?"

"చదివినా సార్. పైకి తేటగా ఉండాయి. బిందెడు నీళ్లు, పారబోసేకి మనసు రాలే."

మాది ఆలూరు వైపు, బిందెడు నీళ్లకు మైళ్లు నడిచే కరువు సీమ. అంతకుమించి వివరణ నా దగ్గర లేదు.

నీళ్లు మార్చి మళ్లీ కొలిచాం. గీత ఎక్కడా వంకర లేకుండా సాఫీగా పోయింది; అసలు మార్పే లేదు. సారు ముందే ఏడ్చేశాను. సిగ్గు కూడా అనిపించలేదు.

ఫలితం వెనక్కి తీసుకుంటున్నామని సారు సదస్సు వాళ్లకు ఉత్తరం టైపు చేయసాగారు. స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నారు.

"పోయిన నెల ఆ మూత నేనూ తీసినా. శానా తేటగా ఉండాయి. మళ్లా మూసేసినా."

"అయితే ఇద్దరి తప్పూ అని రాయండి సార్."

"నీకింకా థీసిస్ రాసేది ఉండాది," అని, తన ఒక్కరి పేరే పెట్టి పంపేశారు.