రెండు మ్యాపులు, ఒక అరగంట

కొత్త కారు ఇంటి ముందు నిలబెట్టి, పాస్టరు గారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తున్నారు. "ఈ వాహనంలో ప్రయాణించే ప్రతి ఒక్కరికీ నీవే దారి చూపించు తండ్రీ" అని ఆయన అంటుంటే, మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, "దారి చూపించేదానికి లోపల పెద్ద స్క్రీన్ ఉండాది. టాప్ మోడల్" అన్నాడు. నేను కళ్ళు మూసుకునే, "నా ఫోన్లో అంతకంటే మంచి మ్యాపు ఉంది, దండగ ఖర్చు" అన్నాను. ఆమెన్ కంటే ముందే అత్తమ్మ నా మోచేతి మీద గిల్లింది. ఆ కారు గురించి మా ఇంట్లో మొదటి గొడవ అది. కారు ఇంకా కదలనే లేదు.

నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని. మాకు దారి అడగడమంటే ఫోను తియ్యడమే. పెళ్ళయి కోవూరు వచ్చాక తోటపల్లి గూడూరు అవతల, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక ల్యాబులో ఉద్యోగం దొరికింది. రైతులు గుంట నీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు, పరీక్ష చేసి చెప్పడం నా పని. రోజూ పెన్నా దాటి, నెల్లూరు ట్రాఫిక్కులోంచి బయటపడి, గుంటల గట్ల పక్క రోడ్లు పట్టుకుని పోవాలి. ఆ రోడ్లు ఈ ఏడాది ఉన్నట్టు వచ్చే ఏడాది ఉండవు. మ్యాపు లేకుండా కుదరదు. ఏ మ్యాపు అన్నదే తగువు.

కారు మ్యాపుకు ఇంగ్లీషు ఆడగొంతు ఉంది. అది తోటపల్లి గూడూరును పలికే తీరు ఆ ఊరివాళ్ళు వింటే కారుకు అడ్డం పడుకుంటారు. అది చూపించే రోడ్లలో ఒకటి నేరుగా రొయ్యల గుంటలోకి పోయి ఆగిపోతుంది. గుంట ఎప్పుడు తవ్వారో ఏమో, ఆ సంగతి కారుకు ఇంకా తెలీదు. తెలియజెప్పాలంటే షోరూముకు తీసుకురమ్మంటారు. ఫోను మ్యాపు అట్లా కాదు. పెన్నా బ్రిడ్జి మీద లారీ చెడిపోతే ఎర్రగీత చూపిస్తుంది, తెలుగులో మాట్లాడుతుంది. కాకపోతే గుంటల మధ్యకు పోయేసరికి సిగ్నల్ పోతుంది, అద్దం దగ్గర పెట్టిన ఫోను ఎండకు పెనంలా కాలుతుంది.

కారు కొనేవాళ్ళు ఇవన్నీ మాట్లాడుకుంటారు. నాకు వచ్చిన చిక్కు వేరు. ఫోను మ్యాపు పెట్టుకుని పోయిన మొదటి రోజే మా ఆయన నా ఫోను తీసుకుని ఏదో నొక్కి చేతికిచ్చాడు.

"నువ్వు యాడుండావో నాకు కనపడతా ఉంటాది. కొత్త డ్రైవింగు గదా, భయం."

ప్రేమ అనుకున్నాను. కొత్తలో ఏం చేసినా ప్రేమలాగే ఉంటుంది. నాలుగు రోజులకే విసుగొచ్చింది. పెన్నా మీదికి రాగానే "బ్రిడ్జి ఎక్కినట్టుండావే" అని ఫోను. నెల్లూరులో టీ కోసం ఆగితే "ఏంది ఆగినావు, పంచరా" అని ఫోను. సాయంత్రం ఇంట్లోకి అడుగు పెడితే అత్తమ్మది ఇంకో గోల. "బ్రిడ్జి దిగినావని వాడు చెప్పినాడని దోసె పోసేస్తినే. యాడ నిలబడిపోయినావు? చల్లారి అట్టముక్క అయిపోయింది."

మా పుట్టింట్లో "దారిలో ఉన్నా" అంటే ఇంకా తల దువ్వుకుంటున్నామని అర్థం. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు, ఎదుటివాళ్ళను కంగారు పెట్టకుండా చెప్పే మర్యాద. మా ఆయన ఫోన్లో నేను చుక్కనయ్యాక నాకా మర్యాద లేకుండా పోయింది.

ఒకరోజు సిగ్నల్ పోయి నా చుక్క రొయ్యల గుంట నడిమధ్యలో ఆగిపోయిందట. నేను ల్యాబు లోపల సీసాలు కడుక్కుంటున్నాను. మా ఆయన ల్యాబు నంబరుకు చేస్తే అక్కడ కూర్చున్న రైతు ఎత్తాడు. ఎత్తి, అందరూ వినేట్టు నన్ను కేకేశాడు.

"మేడమ్, మీరు నీళ్ళలో పడిపోయినారంట. మీ ఆయన ఏడస్తా ఉండాడు, ఒక మాట మాట్లాడండి."

ఆ తర్వాత ప్రతి పొద్దునా ఎవరో ఒకరు, "మేడమ్, ఈరోజు ఈదుకుంటానే వచ్చినారా" అని అడిగేవాళ్ళు. నవ్వి ఊరుకునే ఓపిక నాకు లేదు. అది వాళ్ళకి తెలిసి ఇంకా అడిగేవాళ్ళు.

ఆ కోపమంతా ఇంటికి తెచ్చి మా ఆయన ముందు కుమ్మరించాను. "నా ఫోన్లో మ్యాపు పెట్టను. లొకేషన్ ఆపేస్తున్నా. నువ్వు ముచ్చటపడి కొన్న స్క్రీనే వాడతా, తప్పు దారి చూపించినా సరే."

"సరే, నీ ఇష్టం. కార్లో ఉండేదే వాడుకో" అన్నాడు. ఇంత తొందరగా ఒప్పుకుంటాడనుకోలేదు. గెలిచాననుకున్నాను. గెలిచాక అవతలివాళ్ళ మొహం చూసే అలవాటు నాకు లేదు.

సముద్రం దగ్గర రోజుకో అరగంట నాకు దొరికింది కారు మ్యాపు తప్పు వల్లే. ల్యాబు నుంచి ఇంటికి పోతూ దాని మాట విని ఒక మలుపు తిరిగాను. రోడ్డు సన్నబడి, ఇసకై, ఒక సరుగుడు తోపు దగ్గర అయిపోయింది. తోపు దాటితే లాగి పెట్టిన పడవలు, ఆరేసిన వలలు, నీళ్ళు. తిట్టుకుంటూ ఇంజన్ ఆపాను. సిగ్నల్ ఉన్నా ఫోను మోగలేదు. ఇంకాసేపు చూశాను. అప్పటికీ మోగలేదు.

సముద్రాన్ని చూసి పులకరించానని రాస్తే అబద్ధం. నేను ఫోను చూసుకున్నాను. సీటు వెనక్కి వాల్చి, చెప్పులు విప్పి, కాళ్ళు పైకి పెట్టుకుని రీల్స్ చూశాను. కాలేజీ స్నేహితురాళ్ళతో వాయిస్ మెసేజీల్లో నోటికొచ్చిన బూతులన్నీ మాట్లాడాను. ఇంట్లో ఫోను పట్టుకుంటే అత్తమ్మ పక్కకొచ్చి కూర్చుని, "ఏముండాదమ్మా అందులో, మాకూ చూపించు, మేమూ నవ్వుతాం" అంటుంది. మంచి మనసుతోనే అంటుంది. చూపిస్తాను, ఆమె నవ్వుతుంది. ఆ తర్వాత నాకు నవ్వు రాదు. ఇక్కడ, ఈ ఇసకలో, నేను ఎవరి కోడల్నీ కాదు. నేనెక్కడున్నానో తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. రోజంతటిలో నాకోసం ఉన్నది ఆ అరగంటే. దాన్ని వదలకూడదని అప్పుడే అనుకున్నాను.

ఇక రోజూ పోయేదాన్ని. ఇంటికి ఆలస్యంగా చేరితే బ్రిడ్జి మీద ట్రాఫిక్కు అని చెప్పేదాన్ని. అత్తమ్మ తలూపి, "అవునమ్మా, ఆ బ్రిడ్జి ఎప్పుడూ అంతే" అనేది.

అక్కడ చేపలు ఎండబెట్టుకునే ఒకామె నన్ను కొన్నాళ్ళు దూరం నుంచే చూసి, ఒకరోజు కారు అద్దం దగ్గరికొచ్చింది.

"ఏందమ్మే, మొగుడు తిట్టినాడా?"

"లేదక్కా."

"అత్త తిట్టినాదా?"

"ఎవరూ తిట్టలేదు. ఊరికే కూర్చున్నా."

"అంత సముద్రాన్ని ఎదురుగా పెట్టుకోని ఆ పలకలో ఏం చూస్తావే తల్లీ" అని, సమాధానం కోసం ఆగకుండా పోయింది. ఆమెకు నా పేరు తెలీదు, ఊరు తెలీదు. అడగలేదు కూడా. అందుకే ఆమె నాకు నచ్చింది.

అట్లా కొన్ని నెలలు గడిచాయి. ఒక సాయంత్రం ముగ్గురం అన్నాలు తింటున్నాం. అత్తమ్మ నాకు చారు పోస్తూ మామూలుగా అంది:

"రేపు వచ్చేటప్పుడు చేపలు తీసుకురా అమ్మాయ్. రోజూ ఆ పడవల కాడ అరగంట కూర్చుంటావు గదా, వట్టి చేతులతో రావడమెందుకు."

మా ఆయన కంచంలోకి వంగిపోయాడు.

"మీకెవరు చెప్పారు?"

అత్తమ్మ కొడుకు వైపు చూసింది. "ఏందిరా, చెప్పకూడదా ఆ మాట?"

మా ఆయన ఎడమచేత్తో ఫోను తీసి చూపించాడు. కారు కంపెనీ యాపు. అందులో బొమ్మకారు ఒకటి మా ఇంటి ముందు నిలబడి ఉంది. కిందికి జరిపితే నేను ఏ రోజు ఏ దారిన పోయానో, ఎక్కడ ఇంజన్ ఆపానో, ఎంతసేపు ఆపానో అంతా ఉంది. సరుగుడు తోపు దగ్గర ఇంజన్ ఆపిన గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"బ్రేకు మరీ గట్టిగా కొడతావు నువ్వు, అది కూడా చూపిస్తాది" అన్నాడు, మాట మార్చడానికి.

"ఎప్పట్నుంచి ఉంది ఇది?"

"కొన్నప్పట్నుంచి. షోరూమోళ్ళే పెట్టిచ్చినారు. కారు కోసంలే. ఎవడన్నా దొంగిలిస్తే దొరకాల గదా."

"నన్నెవడు దొంగిలిస్తాడు?"

"అరవబాక. పక్కింటోళ్ళు వింటారు."

"వాళ్ళకూ పెట్టు ఆ యాపు. అన్నాలు తింటా చూసుకుంటారు."

అత్తమ్మ గరిటె కింద పెట్టింది. ఆమెకు నిజంగానే బాధ కలిగింది. "చూసినామే గానీ ఒక్క మాట అడిగినామా నిన్ను? ఏదో ఇష్టపడి కూర్చుంటా ఉంది, కూర్చోనీలే అని ఊరుకున్యాం. ఇంకో అత్త అయితే ఊరుకుంటాదా?"

నన్ను కాల్చింది ఆ మాటే. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. అడగలేదు, అనుమతి ఇచ్చారు. నేను ఎవరికీ తెలియకుండా దాచుకున్నాననుకున్న అరగంట వాళ్ళు ఇచ్చిన అరగంటట. ట్రాఫిక్కు అని నేను చెప్పిన ప్రతిసారీ బ్రిడ్జిని తిట్టి నన్ను కాపాడింది ఈమె. అన్నీ చూసేవాడు పైనున్నాడని ఆదివారం ఆదివారం వింటూనే ఉంటాం. ఆయనైతే చేపలు తెమ్మనడు.

"ఆ యాపు తీసేయ్" అన్నాను.

"కారు నా పేరు మీదుండాది. సర్వీసింగు, తాళం, అన్నీ దాంట్లోనే. ఎట్ట తీసేది?"

కారు తాళం తీసి విసిరేశాను. అది ఫ్రిజ్ కిందికి పోయింది. నేను గదిలోకి పోయి తలుపేసుకుంటే, బయట మా ఆయన చీపురుతో దాన్ని లాగుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. తర్వాత రెండు రోజులు బస్సెక్కి, షేర్ ఆటో మారి పోయాను. ఆటోవాళ్ళు గుంటల దాకా రామన్నారు. ఎండలో నడిచి నడిచి, చివరికి ఆ తాళమే మళ్ళీ తీసుకున్నాను. దాని గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం వాళ్ళకు బాగా వచ్చు.

ఆదివారం ఆరాధన అయ్యాక మా ఆయన కారు ఇంటి వైపు కాకుండా నెల్లూరు వైపు తిప్పాడు. స్క్రీన్ మీద ఒక నక్షత్రం గుర్తు నొక్కాడు. ఇంగ్లీషు గొంతు దారి చెప్పడం మొదలుపెట్టింది. వెనక సీట్లో అత్తమ్మ చర్చి చీరలోనే ఉంది, ఒళ్ళో కారియరు. ఎక్కడికి పోతున్నామో తోటపల్లి గూడూరు దాటాక అర్థమైంది.

"ఆ చోటు సేవ్ చేసి పెట్టినా" అన్నాడు. మొహంలో పండగ.

"అంత ఇష్టమైతే అందరం కలిసి పోవచ్చు గదా" అంది అత్తమ్మ. "ఒక్కదానివే కూర్చోవాల్సిన ఖర్మేంది నీకు?"

నేను రోజూ కారు ఆపుకునే నీడలోనే చాప పరిచారు. పలావు వడ్డించారు. చేపలామె మమ్మల్ని చూసి వచ్చింది.

"మీ కోడలా అమ్మా? రోజూ వస్తాది. పలక చూసుకుంటా ఒక్కతే నవ్వుకుంటా ఉంటాది. ఏమన్నా తేడానేమో అనుకున్యా."

"మా ఇంట్లో కూడా అంతేలే" అంది అత్తమ్మ. ఇద్దరూ నా మీద తృప్తిగా నవ్వుకున్నారు. కాసేపట్లో నా పేరు, మా ఊరు, పెళ్ళయి ఎన్నాళ్ళయింది, ఇంకా పిల్లలెందుకు లేరు, అన్నీ ఆమెకు తెలిసిపోయాయి. ఫోను నంబర్లు మార్చుకున్నారు. "రోజూ మా కోడలు వస్తాది, మంచివి తీసిపెట్టు" అని అత్తమ్మ ఒప్పందం చేసుకుంది.

మా ఆయన నన్ను నీళ్ళ దాకా నడిపించుకుపోయి, "ఇప్పుడు సంతోషమేనా" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"నాకిక్కడ ఎవరూ లేకపోవడమే ఇష్టం" అన్నాను.

"మేం ఎవరో కాదు గదా" అన్నాడు.

ఆయన ఫోను పైకెత్తి ఇద్దరికీ ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. హైదరాబాదు నుంచి మా అమ్మ వెంటనే రెండు హృదయాలు పంపింది.

సోమవారం ల్యాబు నుంచి బయటపడి ఏ మ్యాపూ పెట్టుకోలేదు. నేరుగా నెల్లూరు దారి పట్టాను. ఊళ్ళోకి వస్తుండగా ఫోను మోగింది. అది కారుకు కలిపి ఉండడం వల్ల అత్తమ్మ గొంతు నాలుగు స్పీకర్లలోంచి వచ్చింది.

"ఏమ్మా, ఈరోజు సముద్రం కాడికి పోలేదంట? ఒంట్లో బాగుండాదా? ఆమె చేపలు తీసిపెట్టుకోని ఎదురు చూస్తా ఉండాది."

బండ్లన్నీ వెనకాల హారన్లు కొడుతుంటే రోడ్డు మధ్యలో కారు తిప్పాను.

నేను పోయేసరికి చేపలామె సంచి పట్టుకుని తోపు మొదట్లోనే నిలబడి ఉంది. "మీ అత్త రెండు తూర్లు ఫోన్ చేసినాది. చెడిపోతాయి, తొందరగా పో" అంది, నా పేరు పెట్టి పిలిచి. నేను కారు దిగలేదు. ఇంజన్ ఆపితే ఎంతసేపు ఆపానో ఆ యాపులో పడుతుందని, ఆపను కూడా లేదు. అద్దం దించి సంచి అందుకుని, వెనక్కి తిప్పుకుని వచ్చేశాను.