ఉత్తరం సరిచేసుకుని రండి

తొంభైల చివర్లో అనంతపురంలో ఇల్లు కట్టాలంటే ఇద్దరు మనుషులు కావలసి వచ్చేది. ఒకరు ఇల్లు కట్టడం వచ్చినవాడు. రెండోవాడు లైసెన్సు ఉన్నవాడు. ఇద్దరూ ఒకరే కాకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. కాకపోతే అలాంటివాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

మాకు కట్టడం వచ్చినవాడు ముందే ఉన్నాడు. శింగనమల దగ్గర మా ఊళ్లో నాయన తవ్వించిన బావికి రాతిగోడ కట్టిన మేస్త్రీ. ఆ బావిలో నీళ్లు పోయి చాలా ఏళ్లయింది. గోడలో మాత్రం ఒక్క రాయి కదల్లేదు. బావి గురించి చెప్పుకోవడానికి ఆ గోడ తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి, టౌన్లో కొన్న జాగాలో ఇల్లంటూ కడితే ఆ మేస్త్రీయే కట్టాలని నాయన పట్టుబట్టాడు. నేనప్పటికి తెలుగులో ఎమ్మే చేసి ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో నా అభిప్రాయం అడిగే దాకా విషయం ఇంకా రాలేదు.

మేస్త్రీ రెండు మాటలు ముందే చెప్పాడు. ఉగాది దాటితే జట్టుతో బెంగుళూరు పోతాడు. మళ్లీ దసరాకే రావడం. పునాదికి పది రోజులు కావాలి. ఇక రెండోది, మున్సిపాలిటీ కాగితం కంటికి కనబడందే తాపీ ముట్టడు.

"పోయినేడు ఒకాయప్పకు గోడ కడతాంటే ఆఫీసోల్లొచ్చి నా తాపీ, తూకంగుండు ఎత్తకపోయినారన్నా. గోడ ఆయప్పది, తప్పు ఆయప్పది, సామాన్లు నావి. ఆయప్ప సక్కంగా ఇంటికి పోయి అన్నం తిన్న్యాడు."

లైసెన్సు ఉన్నవాడు ఓ కుర్ర ఇంజినీరు. నాయన పక్కనే కూర్చుని వంటిల్లు ఆగ్నేయంలో ఉండేలా ప్లాను గీయించాడు. జాగా చూడటానికి రమ్మంటే, "చూసేకేముంది పెద్దాయనా, రాళ్లు, తంగేడు చెట్లు, అంతే గదా" అన్నాడు ఇంజినీరు. ఉన్నవి అవే కాబట్టి మేం వాదించలేదు. ప్లానులో వంటిల్లును ‘వంటిళ్లు’ అని రాసి, మేం అడక్కుండానే ఒకటికి మించి ఇచ్చాడు.

శివరాత్రి వెళ్లగానే నాయన ఫైలు కట్టుకుని ఆఫీసుకు వెళ్లాడు. పరిపాలన అంతా తెలుగులోనే సాగాలని సర్క్యులర్ వచ్చిన రోజులవి. ఆ సర్క్యులర్ ఇంగ్లీషులో వచ్చిందని విన్నాను. ప్లాన్ల కిటికీ వెనకాల గుమాస్తా మాత్రం దాన్ని మనసుకు పట్టించుకున్న మనిషి. ఇంగ్లీషు మాట నోట రానిచ్చేవాడు కాదు. ఆయన ఫైలు తిరగేసి, తల ఎత్తకుండానే చెప్పాడట.

"ఉత్తరం తప్పుండాది. సరిచేసుకోని రా."

నాయన ఇంటికొచ్చి, తను రాసిన కాగితాన్ని మొదటి నుంచీ మళ్లీ చదువుకున్నాడు. మా ఊళ్లో ఎవరు ఎవరికి ఉత్తరం రాయాలన్నా ఆయన చేతి మీదుగానే రాయించుకునేవాళ్లు. ఫైలుతో పాటు పెట్టింది కూడా ఆయన సొంత దస్తూరీయే. లోకం దాన్ని అర్జీ అంటుంది. అర్జీ అంటే అడుక్కున్నట్టుంటుందని నాయన తను రాసినదాన్నంతా ఉత్తరమనే అనేవాడు.

మర్యాద తక్కువైందేమోనని ఆ రాత్రే ఇంకొకటి రాశాడు. ‘మహారాజశ్రీ’తో మొదలుపెట్టి, ‘చిత్తగించవలెను’తో ముగించాడు. వారం తర్వాత అదీ వెనక్కి వచ్చింది.

"ఉత్తరం కిందికుండాదే! పైకుండాల."

నిజమే. ఉత్తరం ఫైలు అడుగున, రిజిస్ట్రీ నకళ్ల కింద ఉంది. నాయన ట్యాగు విప్పి, ఉత్తరాన్ని అన్నిటికన్నా పైన పెట్టి, మళ్లీ కట్టాడు. ఈసారి భాష బాధ్యత నేను తీసుకుని, ‘విషయము’, ‘సూచిక’ అంటూ ఆఫీసు పద్ధతిలో కొత్తగా రాసిచ్చాను. ఎమ్మే చదివిన కొడుకు ఉన్నందుకు ఇంట్లో కొంత ఉపయోగం కనబడటం అదే మొదలు.

మూడో వారం గుమాస్తా విసుక్కున్నాడు. "ఇంగా తిప్పలేదా? ఉత్తరం తిప్పాల పెద్దాయనా!"

తిప్పడమంటే ఏమిటో ఇంట్లో చర్చ జరిగింది. కాగితం రెండో వైపు రాయమంటున్నాడేమోనని అమ్మ అంది. నేను పాండిత్యంతో ఆలోచించి, వాక్యక్రమం తిప్పమంటున్నాడని తేల్చాను. ‘అనుమతి కోరుచున్నాను’ అన్నది మొదట పెట్టి, ‘అయ్యా’ అన్నది చివర పెట్టాను. చదవడానికి బాగానే ఉంది. బెదిరింపులా ఉంది గానీ, బాగానే ఉంది.

అది తీసుకుని వెళ్లిన నాయన ముఖం కందగడ్డలా చేసుకుని వచ్చాడు.

"మీ లైసెన్సు ఆయప్పతో సరిచేయించుకో పో, అంటాడు! వాడు నా ఉత్తరం దిద్దేదా? వానికి మూడు లైన్లు తెలుగు రాదు. ఇల్లన్నా మానుకుంటా గానీ వాని దగ్గరికి పోను."

ఉగాదికి పన్నెండు రోజులుంది. అమ్మ క్యాలెండరు వైపు చూడటం మానేసింది. ఆ సాయంత్రం మేస్త్రీ వచ్చాడు.

"ఏమన్నా, కాగితమొస్తాదా, రాదా? రాకుంటే చెప్పు, బెంగుళూరోల్లకు ముందే వస్తామని కబురు పెడతా."

"రేపు నువ్వూ రా. నువ్వే ఇందువు గాని ఆయప్ప మాటలు," అన్నాడు నాయన.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. గుమాస్తా ఫైల్లోంచి ప్లాను లాగి బల్ల మీద పరిచి, యథాప్రకారం తల ఎత్తకుండా అన్నాడు.

"మల్లా అట్లే తెచ్చినారు. ఉత్తరం కిందికే ఉండాది."

"పైనే పెట్టినా గదా సార్! మొట్టమొదటి కాగితం అదే!"

"యాడుండాది పైన?"

"ఇదో!" నాయన ఫైలు ఎత్తి చూపించాడు.

మేస్త్రీకి చదువు రాదు. ఆయన ఫైలు వైపు చూడనే లేదు. కిటికీలోంచి తల లోపలికి పెట్టి ప్లాను వైపు చూశాడు.

"అన్నా, మన జాగాకు రోడ్డు పడమర గదా? ఈ బాణం సూడు, కిందికి తిప్పేసినాడు. దీని ప్రకారం రోడ్డు తూర్పుకొచ్చింది. నీ పొయ్యి పోయి వాయవ్యంలో పడింది."

గుమాస్తా మొదటిసారి తల ఎత్తాడు. "మూడు వారాల నుంచి నేను చెప్తాండేది అదే గదప్పా!"

ప్లాను మూలలో చిన్న బాణం, దాని పక్కన ‘ఉ’ అన్న అక్షరం. ఎవరూ ఉత్తరం రాయని, తను ఎవరికీ రాయించని మేస్త్రీకి ఉత్తరమంటే దిక్కు ఒకటే. మా ఇద్దరికీ చదువు అడ్డమొచ్చింది.

"అయినా ఒక ఇంటికి నాలుగు అర్జీలేంది పెద్దాయనా? నాలుగిండ్లు కడతాండావా?" అన్నాడు గుమాస్తా.

నాయన ఫైలు ట్యాగు మళ్లీ ముడి వేశాడు. నేను ఫ్యాను ఎలా తిరుగుతోందో పరిశీలించాను.

బాణం అక్కడే దిద్దేస్తానని మేస్త్రీ అంటే గుమాస్తా ఒప్పుకోలేదు. గీత గీయడానికి లైసెన్సుండాలి. ఇంజినీరు టీ హోటల్లో దొరికాడు. గ్లాసు పక్కన పెట్టి, బాల్‌పెన్నుతో ఉత్తరాన్ని పైకి తెచ్చి, పక్కన సంతకం పెట్టాడు.

"చిన్న మిస్టేకే లే పెద్దాయనా. ఇంకో ఇంటి బాణం ట్రేసైపోయింది."

"ఆ ఇంటాయప్ప ఇప్పుడు యా పక్కకు తిరిగి వండుకుంటాండాడో," అన్నాడు నాయన.

ఇంజినీరు టీ తాగాడు.

అనుమతి చేతికొచ్చేసరికి ఉగాదికి వారమే మిగిలింది. పది రోజుల పని పట్టదు. నాయన అడగలేక అడిగాడు. మేస్త్రీ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"జట్టును ముందు పంపిస్తాలే. ఇద్దర్ని పెట్టుకోని పునాదేసి పోతా. పొయ్యి యాడుండాదో తెలీని మనిషిని ఇట్లే ఇడ్సిపెట్టి పోతే నన్నే అంటారు జనం."

తెల్లవారి జాగా దగ్గర నేను కాగితం వెనక ఉన్న షరతులు చదివి వినిపించాను. ప్రతి దశలోనూ లైసెన్సు గల సాంకేతిక నిపుణుడి పర్యవేక్షణలోనే పని జరగాలి.

"యాడుండాడు ఆయప్ప?" అన్నాడు మేస్త్రీ, మేకు దిగ్గొడుతూ.

"హోటల్లో ఉంటాడు."

"ఉండనీ. సదువుకున్నోనివి గదా సామీ, ఈ దారం కొస పట్టుకో. కదలాకు."

గాలి జోరుగా ఉంది. నేను కదల్లేదు. ఆయన అవతలి కొసకు పోయి, ఒంటి కన్నుతో దారం వెంట చూసి, పునాదికి ముగ్గు పోయడం మొదలుపెట్టాడు.