అచ్చులో లేని మాట

కేరళలోని కొల్లం జీడి ఫ్యాక్టరీలో, గింజలు కొట్టే షెడ్డులో ఇరవై ఆరేళ్లు కూర్చున్న మనిషి భార్గవి. ఎంత బూడిద రాసుకున్నా జీడి రసం నలుపు ఆమె వేళ్లను వదల్లేదు. ఎవరి పెళ్లికి వెళ్లినా చేతులు కొంగులో దాచుకునేది. నాటకాల్లో వేషాలు వేసే మొగుడు తియ్యటి మాటలు చెప్పి చేసుకున్నాడు, కూతురు శోభనకు రెండేళ్లప్పుడు అంతకంటే తియ్యటి మాటలు చెప్పి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మగవాడు నోరు తెరిస్తే ఆమెకు ఒళ్లు మండేది, ఒక్క బేబిచ్చన్ తప్ప.

బేబిచ్చన్ వారపత్రికలో వచ్చే సీరియల్ నాయకుడు. రబ్బరు తోటల ఆసామి కొడుకు. వాడికీ లిల్లికుట్టికీ ప్రేమ. శనివారం మేస్త్రీ టీకి వెళ్లగానే పక్క పీట మీద కూర్చునే లీలామణి పత్రిక తీసి పైకి చదివేది. కొయ్యసుత్తులు మెల్లగా పడేవి. చదివే మనిషి పని వెనకబడుతుంది కాబట్టి విన్నవాళ్లు తలా గుప్పెడు పప్పు ఆమె డబ్బాలో వేసేవాళ్లు. అందరికంటే పెద్ద గుప్పెడు భార్గవిది. ఆ షెడ్డులో అక్షరం ముక్క రానిది ఆమె ఒక్కతే మరి.

"వాడు లిల్లికుట్టిని వదలడు కదే?" అని వారం వారం అడిగేది.

"వదిలితే నేనూరుకుంటానా అక్కా!" అనేది లీలామణి.

ఆ ఏడే శోభన, లీలామణి అన్న కొడుకు సుగతన్‌ను చేసుకుంటానంది. వాడు నాటక సమితిలో లైట్లు వేసేవాడు. నాటకం అన్న మాట చెవిన పడగానే భార్గవి శివాలెత్తింది.

"ఒకసారి చేతులు కాల్చుకున్నాను, చాలు. వాడు నా గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొడతా!"

ఆ తర్వాతి వారాల్లో కథ మలుపు తిరిగింది. లిల్లికుట్టి తల్లి జీడి కూలి అని తేలింది. బేబిచ్చన్ ఆమె వాకిట్లో నిలబడి, "అమ్మా, మీ చేతుల నలుపు చూసి సిగ్గుపడేవాడు మీకు అల్లుడు కాలేడు. ఆ చేతులతోనే నాకు అన్నం పెట్టండి," అన్నాడట. భార్గవి సుత్తి పక్కన పెట్టి ఏడ్చింది. నెల తిరక్కుండా సుగతన్ వచ్చి, ఆమె వాకిట్లో నిలబడి, అదే మాట అన్నాడు. పత్రిక చదివి నేర్చుకున్నాడేమో, అయినా నేర్చుకున్నది మంచి మాటే కదా అనుకుని ఆమె కరిగిపోయింది. కొంగులోంచి చేతులు తీసి వాడికి అన్నం పెట్టింది. పెళ్లి ఖాయమైంది, ముహూర్తం మాత్రం కొన్ని నెలల తర్వాత కుదిరింది.

ఊరూరా పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పిన ఏడాది అది. భార్గవీ పలక పట్టింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక, ఏం చదువుతారని పాఠం చెప్పే అమ్మాయి అడిగితే, "బేబిచ్చన్ వాకిట్లో నిలబడ్డ చోటు," అంది సిగ్గుపడుతూ. ఆ అమ్మాయి ఇంట్లో సీరియల్ పేజీలు విడదీసి దారంతో కుట్టి దాచుకున్నారు. భార్గవి మూడు సాయంత్రాలు వేలు పెట్టి చదివింది. తనకే చదవడం తప్పుతోందనుకుని మళ్లీ మొదటినుంచి చదివింది. వాకిలి లేదు. నల్లటి చేతులు లేవు. లిల్లికుట్టి తల్లి బడి పంతులమ్మ. బేబిచ్చన్ కొచ్చి పట్నం వెళ్లి ఇంకొకతెను కట్టుకున్నాడు, లిల్లికుట్టికి ఉత్తరం ముక్క కూడా రాయలేదు.

ఇంటికొచ్చి కూతుర్ని అడిగింది. "నీకు తెలుసా?"

శోభన తల వంచుకుంది. "షెడ్డులో అందరికీ తెలుసమ్మా. పత్రిక అందరూ చదువుతారుగా. నీకే..."

"నాకే చదవడం రాదు."

అందరూ ఎప్పుడు నవ్వుకున్నారో, ఎన్నిసార్లు నవ్వుకున్నారో ఆమెకు తెలియదు. వాళ్ల ముందే కదా ఏడ్చింది!

మర్నాడు శనివారం. షెడ్డులో భార్గవి వెళ్లి లీలామణికి ఎదురుగా కూర్చుంది. "ఆ మాట ఎవరు రాశారే?"

లీలామణి ముఖం పాలిపోయింది. "నేనే అక్కా. పిల్లలు ఒకటవ్వాలని. నీ మంచికే..."

"నా మొగుడూ నన్ను మోసం చేశాడు. కానీ వాడి నోటితో, వాడి సొంత మాటలతో చేశాడు. నేను నమ్మిన మగాడు ఒక్కడే ఉన్నాడే లోకంలో. వాడి నోట్లో నువ్వు మాటలు పెట్టావు. అవే తెచ్చి నీ మేనల్లుడి నోట్లో పెట్టావు. గుప్పెడు గుప్పెడు నా పప్పు తీసుకుని మరీ!"

"పెళ్లి ఆపేస్తావా అక్కా?"

భార్గవి సుత్తి అందుకుని రెండు గింజలు కొట్టింది. మేస్త్రీ టీకి వెళ్లాడు. లీలామణి పత్రిక తియ్యలేదు. భార్గవే ఒళ్లోంచి, పాఠం చెప్పే అమ్మాయిని అడిగి తెచ్చుకున్న దారంతో కుట్టిన కాగితాలు తీసి, నల్లటి వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. అరగంటకు నాలుగు వాక్యాలు. "బే-బి-చ్చన్... వె-న-క్కి... చూ-డ-లే-దు." ఒక్క సుత్తి కూడా కదల్లేదు.

కాగితాలు మడిచి, లీలామణి వైపు తిరిగింది.

"వచ్చే ఆదివారం పెళ్లి ఆగదు. చెప్పిన మాట మార్చే అలవాటు నాకు లేదు," అంటూ తన డబ్బా ఆమె ముందుకు జరిపింది. "చదివాను కదా. గుప్పెడు పప్పు వెయ్యి."