అమ్మ చేతికి పలక

మా చిన్నప్పుడు... తాత ఇంటి ముందు సరుగుడు ఆకు కుప్పపోసి మంట వేశాడంటే, ఎక్కడో పలక మోగబోతోందని అర్థం. మైపాడు వైపు మా ఊళ్ళో డప్పుని పలక అంటాం. తాత పలకలు కట్టేవాడు. గంగమ్మ తిరునాళ్ళకి పెద్ద పెద్దవి, పుల్లలతో కొట్టేవి...

ఆ రోజు మంట మాత్రం మా అమ్మ కోసం.

జ్వరమొచ్చి మా తమ్ముడు పోయాడు. ఇంకా పాలు మానని బిడ్డ. వాణ్ణి ఎత్తుకెళ్ళేటప్పుడు కూడా అమ్మ ఏడవలేదు. ఆ తర్వాత మాటే లేదు. ముద్ద నోట్లో పెడితే నమిలేది, పెట్టకపోతే లేదు. పాలు గడ్డకట్టి ఒళ్ళు కాలిపోతున్నా 'అబ్బా' అనలేదు.

మా అవ్వ గడపలో కూర్చుని తాతతో అంటోంది... "ఏడుపు లోపలే ఉండిపోయిందయ్యా. ఇట్టే ఉంటే మన బిడ్డ మనకి దక్కదు. దాని చేతికి పలక ఇయ్యి. అదే పలికిస్తది."

నేను విన్నాను. పరుగెత్తి నా బడి సంచిలోంచి పలకా బలపమూ తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టాను. "రాయి మా" అన్నాను.

అవ్వకి నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "ఓసి నీ బడి తగలెయ్య! ఆ పలక కాదే పిచ్చిమొహమా... తాత కట్టే పలక!"

ఆ పలక చిన్నది. జల్లెడంత. పుల్లలుండవు, అరచేత్తో కొట్టాలి. బిడ్డ పోయిన తల్లి తన చేతులతోనే దాన్ని కట్టుకోవాలి. వేప చట్రం తాత చేసిచ్చాడు. సున్నం నీళ్ళలో నానిన మేకతోలు అమ్మ ముందు పరిచి, చేతికి పెంకు ఇచ్చి "గీకమ్మా" అన్నాడు. అమ్మ గీకింది. మనసు ఎక్కడుందో గానీ చేతులు మాత్రం పనిచేశాయి. అవ్వ చింతగింజలు రుబ్బి జిగురు కాచింది. తోలు లాగి అంటించిందీ అమ్మే.

అది నీడన ఆరాలి. ఆరేదాకా ఎవరూ తట్టకూడదు. మొదటి దెబ్బ తల్లిదే. ఆ దెబ్బతో పాటే పోయిన బిడ్డని పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే ఆ బరువు గంగమ్మ తీసుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. మంట దగ్గర తోలు పగిలిందా... అమ్మోరు ఒప్పుకోలేదని. ఆ తల్లి ఇంక మళ్ళీ కట్టుకోకూడదు.

తోలు ఆరిన రోజు సాయంత్రం వీధి వీధంతా వచ్చి నిలబడింది. అమ్మ పలకని మంటకి చూపిస్తూ కూర్చుంది. తోలు బిగుసుకుంటూ 'టిక్... టిక్' అంటోంది. కాస్త చూపించాలి, వెనక్కి తియ్యాలి, మళ్ళీ చూపించాలి.

అమ్మ తియ్యలేదు. అట్లాగే పట్టుకుంది.

తోలు అంచు రంగు మారుతోంది. నాయన ముందుకు ఉరికాడు.

"ఎవురూ ముట్టుకోబాకండి!" తాత అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు.

"పగిలిపోతాది మామా!"

"పగిల్తే పగలనియ్యి. చెయ్యి దానిది."

పక్కింటి అత్త "బిడ్డ పోయింది చాలదన్నట్టు..." అని గొణగబోయి, అవ్వ చూసిన చూపుకి నోరు మూసుకుంది.

మళ్ళీ 'టిక్' మంది. నేనింక ఆగలేకపోయాను. "మా... కాలిపోతాది మా!"

అమ్మ ఉలిక్కిపడింది. పలకని గుండెల్లోకి లాక్కుంది. ఆ వేడి తోలు ఒంటికి ఆనగానే... జ్వరంతో కాలుతున్న బిడ్డే మళ్ళీ చేతుల్లోకి వచ్చాడనుకుందో ఏమో... జోకొట్టినట్టు అరచెయ్యి దాని మీద పడింది.

పలక పలికింది.

"రవణయ్యా!"

కొడుతూ పిలిచింది, పిలుస్తూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. "ఏడువు తల్లీ, ఏడువు" అంటూ అవ్వ వీపు నిమిరింది, అంతే. పొద్దు గూకాక అమ్మ నా వైపు తిరిగి, "అన్నం తింటివా?" అని అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ వినపడుతుంది...

ఇప్పుడు నా వంతు వచ్చింది. వెంకటాచలం దగ్గర హైవే మీద, బండి మీద వస్తూ మా అబ్బాయి పోయాడు. ఊరంతా వచ్చింది. అందరిదీ ఒకటే మాట... "ఏడవబాక అక్కా, గుండె దిటవు చేసుకో." డాక్టరు నిద్రమాత్రలు రాసిచ్చాడు. ఫోన్లో దణ్ణం బొమ్మలు వచ్చాయి. అంతమంది వద్దన్నారు కదా... నాకు ఏడుపే రాలేదు. వాడి పేరు కూడా నోట్లోంచి రావడం లేదు.

తాత లేడు, అమ్మా లేదు. తిరునాళ్ళకి ఇప్పుడన్నీ ఫైబర్ పలకలే. స్పానర్ పెట్టి బిగిస్తే చాలు. మంట అక్కర్లేదు, ఆరేదాకా కాచుకోనక్కర్లేదు. తాత చిన్నకొడుకు, మా మామ, అటక మీద వెతికి ఒక పాత చట్రం తెచ్చిచ్చాడు.

"గీకేది గుర్తుండాదా మే నీకు?" అన్నాడు.

"చేతులకి గుర్తుండాది మామా."

తోలు నేనే గీకాను. జిగురు నేనే కాచాను. ఇదిగో, గోడకి ఆనించి ఉంది... ఆరిపోయింది. ఈ సాయంత్రమే మంట. నా చెయ్యి కూడా అట్లాగే ఉండిపోతే, 'మా' అని అరిచి వెనక్కి లాగేవాడు నాకు లేడు. అదే భయంగా ఉంది.

అందుకే ఫోన్లో ఇది చదివే మిమ్మల్ని అడుగుతున్నాను. నన్ను ఏడవొద్దని మాత్రం రాయకండి. మీ ఇంట్లో పోయిన మనిషి పేరు ఒకటి రాయండి, చాలు. మంట దగ్గర కూర్చునే ముందు అవన్నీ పైకి చదువుకుంటాను. ఆ పేర్ల వెంట నా బిడ్డ పేరు కూడా బయటికి వస్తుందేమో...

చిన్నప్పుడు అమ్మకి ఇవ్వాల్సిన పలక కాకుండా వేరే పలక ఇచ్చానని అవ్వ నవ్వింది. ఇప్పుడు నా ఒళ్ళో ఉన్న ఈ ఫోనూ అట్లాంటి పలకే కదా. నోటితో రానిది వేలితో రాస్తున్నాను. మొదటి పేరు నా బిడ్డదే...

సుధీరూ.