ఎస్తేరత్త గోల్‌కీపర్లు

మొన్న తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి పోయే లోకల్ రైల్లో ఎదురు సీటావిడ కాళ్ళ దగ్గరున్న సంచిలోంచి ఎండురొయ్యల వాసన పెట్టె అంతా కమ్ముకుంది. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం నా పదేళ్ళ వయసప్పటి మా ఇల్లు, మా ఎస్తేరత్త, పులికాట్ సరస్సు ఒడ్డున ఉండే పళవేర్కాడు నుంచి వచ్చే సుగంధి ఒక్కసారిగా గుర్తుకొచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఎస్తేరత్త మా నాయినకు చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు, తిరుత్తణిలో మాతోనే ఉండేది. తిరువళ్ళూరు దగ్గర ఒక ఆడపిల్లల కాలేజీలో ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపింగ్ కోచ్. తను చదివే రోజుల్లో గోల్‌లో నిలబడడానికి ఎవరూ ముందుకు రాకపోతే, పొడుగ్గా ఉందని ఈమెను నిలబెట్టారట. అలా జిల్లా జట్టు దాకా పోయి, ఆడే వయసు దాటాక కోచ్ అయింది. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏటేటా మళ్ళీ అడిగి చేరాలి. తెల్లవారుజామున రైలెక్కి, సాయంత్రం మోకాళ్ళనిండా మట్టితో, నొప్పుల తైలం వాసనతో దిగేది.

ఆదివారం చర్చి అయ్యాక కోడికూర తిని, ఎండ కాస్త వాలగానే వీధి పిల్లలందరినీ రైలుకట్ట పక్కనున్న ఖాళీ జాగాకు తీసుకుపోయేది. తమిళుల ఆడినెలలో అయితే కొండమీది గుడికి కావళ్ళు మోసేవాళ్ళ డప్పులు, సుడులు తిరిగే ఎర్రదుమ్ము, ఎవరింట్లోనో ఉడుకుతున్న వేరుశెనక్కాయల వాసన, వీటన్నిటి మధ్య రెండు చెప్పుల గుట్టల నడుమ నిలబడి ఆమె విసిరే బంతుల మీదికి దూకేవాళ్ళం. నేను భయంతో కళ్ళు మూసుకునేదాన్ని.

“మే, కండ్లు మూసుకోవద్దు. తగిలితే నొప్పే గదా, చావవు” అనేది అత్త, నవ్వుతూ.

సుగంధి ఆమె దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఒకతి. సముద్రంలో వేటకు పోయేవాళ్ళమ్మాయి, హాస్టల్లో ఉండి చదువుకునేది. క్రిస్మస్‌కు మా ఇంటికి ఎండురొయ్యల పొట్లంతో వచ్చి, అమ్మ పక్కన కూర్చుని కర్జికాయలు వత్తి, సగం పిండి తన జడకే పూసుకుని, రాత్రి నా చాప మీదే పడుకునేది. మొదట్లో బంతి వస్తుంటే ఆమె కూడా నాలాగే ముడుచుకుపోయేదట. ప్రాక్టీసు మొదలుపెట్టే ముందు రోజూ ఎగిరి గోల్‌పోస్టు పైకడ్డీని తాకాలని అత్త నియమం పెట్టింది. సుగంధికి అది మొదటిసారి అందిన సాయంత్రం అత్త ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మా అందరికీ ఆ సంగతి చెప్పింది.

క్రిస్మస్ అయిన కొన్నాళ్ళకు కాలేజీలో వార్షికోత్సవం జరిగింది. పందిరి వేయడానికి గోల్‌పోస్టులు పీకి పక్కన పడేశారు. మళ్ళీ పాతారా అని అత్త అడిగితే పాతామన్నారు. పాతలేదు, ఊరికే నిలబెట్టారు. మర్నాడు పొద్దున సుగంధి ఎప్పటిలాగే పరుగెత్తుకొచ్చి ఎగిరి కడ్డీని అందుకుంది. ఆ ఇనుమంతా ఆమె మీద పడింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

ఆరోజు అత్త మధ్యాహ్నం రైలుకే ఇంటికొచ్చి, గడపలోనే కూర్చుండిపోయింది.

పొన్నేరి మీదుగా బస్సులో నాయిన, అత్త పళవేర్కాడు పోతుంటే నేనూ ఏడ్చి వెంటపడ్డాను. ఉప్పుగాలి, పడవల తారు వాసన, పందిరి కింద ఆడవాళ్ళు. సుగంధి తల్లికి తెలుగు వచ్చు. అత్తను దగ్గర కూర్చోబెట్టుకుని, ముఖంలోకి చాలాసేపు చూసింది.

“నా బిడ్డ పడవెక్కాలన్నా బయపడేది. నువ్వు ఆ బయం పోగొట్టినావంట గదమ్మా” అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉండుంటే అత్తకు కొంచెం తేలికయ్యేదేమో.

తర్వాత కాలేజీవాళ్ళు పిలిపించారు. పిల్ల అల్లరిగా కడ్డీ పట్టుకుని వేలాడిందని విచారణలో చెబితే అత్త ఉద్యోగానికి ఢోకా లేదన్నారట. అలాగే చెప్పేయమని నాయిన కూడా బతిమాలాడు. పోయిన పిల్ల ఎటూ తిరిగి రాదు కదా అన్నాడు.

అత్త బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది. “ఆ బిడ్డ అల్లరి చేయలేదన్నా. నేను చెప్పిన పని చేసింది.”

విచారణలోనూ అదే చెప్పింది. కోచ్ అజాగ్రత్త అని తీసేశారు. ఆ మాట ముందే పాకిపోవడంతో మరే కాలేజీ పిలవలేదు. కొన్నాళ్ళకు కంపెనీ వ్యాను వీధి మొదట్లో ఆగడం, అత్త టిఫిన్ డబ్బా పట్టుకుని ఎక్కడం మొదలైంది. సబ్బుల పెట్టెలకు అట్టలు అంటించే పని. వలసంచిలోని బంతుల్ని ఎవరికో ఇచ్చేసింది. ఆదివారాలు మేము చెప్పులు గుట్టపోసి ఆమె కోసం చాలాసేపు చూసి, తర్వాత చూడడం మానేశాం.

ఆ రైలుకట్ట పక్క జాగాలో ఇప్పుడు ఇళ్ళు లేచాయి. ఆ కాలేజీలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు లేదు, గ్రౌండులో కాలేజీ బస్సులు నిలుపుతారు. అత్త ఇప్పుడు తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో నాతోనే ఉంటోంది. సాయంత్రాలు మా అబ్బాయిని పార్కుకు తీసుకుపోతుంది. వాడు ఉయ్యాల ఎక్కేముందు దాని స్తంభాలను రెండు చేతులా పట్టుకుని బలంగా ఊపి చూస్తుంది. ఎందుకవ్వా అని వాడడిగితే, ఊరికే అంటుంది. వాడికి తెలిసిన అవ్వ సబ్బుల కంపెనీలో పనిచేసి మానేసిన మనిషి. అంతకుముందు సంగతేదీ వాడితో చెప్పొద్దని నన్ను అడిగింది.