గట్టయ్య తలమీద లేని దెబ్బ

మహారాష్ట్రలోని మాజ్రి బొగ్గుబాయిలో ఏం జరిగినా నేరం పైకప్పుదే. నడుం పట్టినా, కాలు బెణికినా "పైనుంచి పెళ్ల పడ్డది" అని రాయించేవాళ్లు. డ్యూటీలో దెబ్బ తగిలినట్టు కాగితం ఉంటే, మనిషి పోయినా ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుందని అక్కడి నమ్మకం. మంథని నుంచి కాపురానికొచ్చిన ఏడాదే సత్తమ్మకు ఆ సంగతి తెలిసింది. తొంభై ఐదులో ఆమె వంతు వచ్చింది.

ఆ పొద్దు ఆమె మొగుడు గట్టయ్య బాయిలోకి దిగనేలేదు. బూటు లేసు కట్టుకుందామని వంగినవాడు "తల పగిలిపోతుందిరా" అని అరిచి, కక్కుకుని పడిపోయాడు. తోటి పనివాడు మారుతి, వరసకు తమ్ముడు, అలవాటు ప్రకారం రాయించాడు: బొగ్గుపెళ్ల పడ్డది.

నాగపూర్‌లో స్కాన్ తీసి, మెదడు చుట్టూ రక్తం చేరిందన్నారు. దెబ్బవల్లే గదా, కొన్నాళ్లు కదలకుండా పడుకోబెట్టి చూద్దామన్నాడు డాక్టరు.

సత్తమ్మ రెండు రాత్రులు బెంచీమీదే కునికింది. మూడోనాడు మొగుడి తల తడిగుడ్డతో తుడుస్తుంటే వేళ్లకు బొప్పి తగల్లేదు, చిన్న గీత కూడా లేదు. మామ, గట్టయ్య తండ్రి, గుర్తొచ్చాడు. ఆయనా ఇట్లనే పత్తిచేన్లో తల పట్టుకుని కూలిపోయాడు. గాలి సోకిందన్నది ఊరు.

"మారుతీ, డాక్టర్‌తోని నిజం చెప్త."

"ఏంది వదినె, గట్లంటవు! రేపు అన్నకేమన్నయితే నీకు నౌకరీ రాదు."

"నౌకరీ సరే. మనిషి వస్తడా?"

వచ్చీరాని మరాఠీలో చెప్పింది, దెబ్బేం తగల్లేదని, మామ కూడా అట్లనే పోయాడని. డాక్టరు మొదట కసిరాడు. తర్వాత గట్టయ్య కడుపు నొక్కి చూసి, సోనోగ్రఫీ రాశాడు. రెండు కిడ్నీల నిండా నీటిబుడగలు. కొన్ని ఇళ్లలో ఇది వంశంలో దిగుతుందట. అట్లాంటివాళ్లకు ఒక్కోసారి తలలోని రక్తనాళం కూడా బుడగలా ఉబ్బుతుంది. దెబ్బ అక్కర్లేదు, దానంతటదే పగులుతుంది. "మళ్లీ పగిలితే దక్కడు" అని, నాళాల్లోకి రంగుమందు ఎక్కించి ఫొటో తీయించాడు. మర్నాడే తల తెరిచి ఆ ఉబ్బుకు క్లిప్పు వేశారు.

గట్టయ్య బతికాడు. ఎడమచెయ్యి లేవదు. బాయి పని పోయింది. దెబ్బ కాగితం చెల్లలేదు, ఉద్యోగం రాలేదు. సత్తమ్మ స్టేషన్ పక్క హోటల్లో రొట్టెలు చేస్తుంది. కూతురు సుభాషిణికి కూడా కిడ్నీల్లో బుడగలున్నాయి. బీపీ చూపించడానికి పిల్లను చంద్రపూర్ తీసుకుపోవడం, రావడం. "బస్సులనే సగం పానం పోతది" అంటుంది సత్తమ్మ.

ఆదివారం ఆదివారం మారుతి వచ్చి అన్నకు గుండు గీస్తాడు. మొన్న కత్తి ఆపి, చెవి మీదినుంచి నెత్తిదాకా ఉన్న కుట్ల మచ్చ చూపించాడు.

"వదినె, ఇప్పుడు చూడు, గిది అసలు దెబ్బ. రాయించాల్నా?"

సత్తమ్మ పిండి కలుపుతూ తల ఎత్తలేదు.

"నీ కలం మండ. ముందు ఆ చెవెనక సబ్బు తుడువు."